ట్రాక్ మీదికి కారు దించే ముందు

స్పీడు మీద మోజుంటే హైవే వద్దు, రేస్ ట్రాక్‌కు వెళ్లండి. మనకు దగ్గర్లో చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ఉంది. ల్యాప్, అంటే ట్రాక్ చుట్టూ ఒక రౌండు, సుమారు 3.7 కిలోమీటర్లు.

- అన్నిటికన్నా ముందు బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతదైతే కొన్ని ల్యాపులకే మరిగి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. రెండేళ్లు దాటితే మార్పించాల్సిందే. ప్యాడ్లు కూడా చూడండి.
- టైర్లలో గాలి చూసుకోండి, అవి చల్లగా ఉన్నప్పుడే. వీల్ నట్లు బిగించారా?
- కారులో వస్తువులన్నీ తీసేయండి. ఓసారి నా వాటర్ బాటిల్ దొర్లుకుంటూ బ్రేక్ పెడల్ దాకా వచ్చింది. ఆ టెన్షన్ మీకొద్దు.
- హెల్మెట్, బూట్లు.
- ఇన్సూరెన్స్ కాగితం చదవండి. ట్రాక్ మీద దెబ్బతింటే సాధారణంగా డబ్బు రాదు.
- మొదటి రెండు ల్యాపులు మెల్లగా. స్టీరింగ్ నేరుగా ఉండగానే బ్రేక్ పని ముగించండి. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలితే బరువు ముందుకు పోయి వెనక చక్రాలు జారతాయి. ముందు చక్రాలే జారితే స్టీరింగ్ ఇంకా తిప్పకండి. వేగం కాస్త తగ్గితే పట్టు అదే దొరుకుతుంది.
- ఆపాక హ్యాండ్‌బ్రేక్ వేయకండి, బ్రేక్ డిస్కులు కాలిపోతూ ఉంటాయి. గేరులో వదిలేయండి.