రాత్రి ప్రయాణంలో ల్యాప్‌టాప్ ముందు కళ్లు మండకుండా చిన్న దీపాన్ని ఎలా వాడాలి?

ఆదివారం సాయంత్రం నరసాపురంలో రైలెక్కేవాళ్లలో చాలామంది సంచిలో పూతరేకుల పెట్టెతో పాటు సోమవారం పొద్దున్నకల్లా పంపవలసిన పని కూడా ఉంటుంది. నేనూ ఆ బాపతే. భీమవరం దాటాక ల్యాప్‌టాప్ తెరుస్తాను. కాసేపటికి కింది బెర్తువారు పడుకుంటామని లైటు ఆర్పమంటారు. ఆ చీకట్లో పని చేస్తే విజయవాడ చేరేలోపే కళ్లలో ఇసుక పడ్డట్టు ఉండేది. దానికి విరుగుడుగా యూఎస్‌బీకి గుచ్చుకునే చిన్న దీపం కొన్నాను. కొన్న మొదటి నెలంతా దాన్ని తప్పుగానే వాడాను, తెర మీదికి గురిపెట్టి.

తెరకు దీపంతో పని లేదు, అది తనంతట తానే వెలుగుతుంది. వెలుగు కావలసింది దాని చుట్టూ ఉన్న చీకటికి. చూపు తెర మీది నుంచి కీబోర్డుకో, పక్కనున్న కాగితానికో మళ్లిన ప్రతిసారీ కంటిపాప పెద్దదవుతుంది, తిరిగి తెర వైపు రాగానే చిన్నదవుతుంది. గంటల తరబడి ఇలా సర్దుకోవలసి రావడమే అలసటకు ఒక కారణం. రెండో కారణం రెప్పలు. మామూలుగా నిమిషానికి సుమారు 15 సార్లు కొట్టుకునే రెప్పలు తెర చూస్తున్నప్పుడు బాగా తగ్గిపోతాయి. కన్నీటి పొర ఆరిపోయి మంట పుడుతుంది. దీపం మొదటిదానికే మందు, రెండోదానికి కాదు. ఈ సంగతి తెలియక దీపం కొని, మంట తగ్గలేదని మూల పడేసినవాళ్లను చూశాను.

మొదట దీపాన్ని ఎంచుకోండి

బజారులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు: మెడ ఎటు కావాలంటే అటు వంగే పుల్లలాంటి యూఎస్‌బీ దీపం, క్లిప్పుతో పట్టుకునేది, తెర పైఅంచున అడ్డంగా కూర్చునే పట్టీ. మూడోది వెలుగును తెర మీద పడనివ్వకుండా కీబోర్డు మీదికే జార్చేలా తయారవుతుంది. ఇంట్లో బల్ల మీద దానికి సాటి లేదు. రైలు కుదుపులకు మాత్రం పలుచని ల్యాప్‌టాప్ మూత దాని బరువు మోయలేక వెనక్కి వాలిపోతుంది. ప్రయాణానికి నా ఓటు వంగే మెడ ఉన్నదానికే.

రంగు 3000 నుంచి 4000 కెల్విన్ (వెలుగు పసుపో తెలుపో చెప్పే కొలత) మధ్య ఉన్నది తీసుకోండి. అంటే పాతకాలపు బల్బు పసుపుకూ, కాస్త తెలుపుకూ మధ్యది. 6500 అని రాసి ఉన్న నీలి తెలుపు దీపం దుకాణంలో ఘనంగా కనిపిస్తుంది, రాత్రి పదకొండింటికి మొహాన టార్చి వేసినట్టు ఉంటుంది. వెలుగు తగ్గించే బటన్ తప్పనిసరిగా ఉండాలి.

డబ్బు ఇచ్చేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. వెలుగును బాగా తగ్గించి, ఫోను కెమెరాతో దీపాన్ని దగ్గరగా చూడండి. ఫోను తెర మీద నల్లటి చారలు కదులుతుంటే ఆ దీపం కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతోందని అర్థం. కొందరికి దానివల్లే తలనొప్పి వస్తుంది. నేను ప్లాట్‌ఫారం పక్కన బేరమాడి కొన్న మొదటి దీపం ఇలాంటిదే. ఆ తలనొప్పిని చాలా రోజులు టీ లేకపోవడం మీదికి నెట్టాను.

ఎక్కడ పెట్టాలి?

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. దీపం వెలిగించి ల్యాప్‌టాప్ తెరను ఆర్పేయండి. నల్లటి తెర అద్దంలా పనిచేస్తుంది. మీరు కూర్చునే తీరులోనే కూర్చుని అందులోకి చూడండి. దీపం ప్రతిబింబం కనిపిస్తే దాని మెడను పక్కకో కిందికో వంచండి. కనిపించకుండా పోయిన చోటే దాని స్థానం. బల్బు నేరుగా కంటికి కనిపించకూడదు, దాని వెలుగు పడిన చోటు మాత్రమే కనిపించాలి.

వెనుక గోడ ఉంటే ఇంకా మంచిది. సైడు బెర్తులో కాళ్లు చాపి కూర్చుంటే తెర వెనుక బోగీ అడ్డుగోడ ఉంటుంది. దీపాన్ని దాని వైపు తిప్పండి. వెలుగు గోడకు తగిలి మెత్తగా పరుచుకుంటుంది. కింది బెర్తులో ఒక పెద్దావిడ "బాబూ, ఆ దీపం నా మొహాన కొడుతోందయ్యా" అన్నాక నేను కనిపెట్టిన పద్ధతి ఇది. ఆవిడ నిద్రపోయింది, నా కళ్లూ చల్లబడ్డాయి.

దూరం విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోండి. చిన్న దీపాన్ని రెట్టింపు దూరం జరిపితే కాగితం మీద పడే వెలుగు సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి మరీ ఎక్కువనిపిస్తే బటన్ కోసం వెతక్కుండా దీపం మెడను కొంచెం ఎత్తితే చాలు.

వెలుగును సరితూచండి

తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరవండి. పక్కన దీపం వెలుగులో తెల్ల కాగితం పెట్టండి. రెండూ దాదాపు ఒకే తెలుపుగా కనిపించేదాకా తెర వెలుగు తగ్గించండి. తెర దీపంలా మెరిసిపోతున్నా, బూడిద రంగులో మసకగా ఉన్నా సరికాదు. అక్షరాల సైజు కూడా పెంచండి. కుదిపే బండిలో చిన్న అక్షరాల వెంట పడితే ఏ దీపమూ కాపాడలేదు.

కరెంటు సంగతి

రైల్లో చార్జింగ్ ప్లగ్గును నమ్ముకోవద్దు, రాత్రి పొద్దుపోయాక దానికి కరెంటు ఆపేయవచ్చు. దీపాన్ని ల్యాప్‌టాప్‌కే గుచ్చితే దాని బ్యాటరీ కొంచెం తింటుంది. మామూలు యూఎస్‌బీ పోర్టు 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, అంటే 2.5 వాట్లు ఇస్తుంది. చిన్న దీపానికి ఒక వాటు చాలు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఒక వాటు దీపాన్ని 25 గంటలైనా వెలిగిస్తుంది. ఒక తిరకాసు ఉంది. కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ వాడకాన్ని చూసి, ఏమీ తగిలించలేదనుకుని తమంతట తామే ఆగిపోతాయి. దీపం నిమిషానికే ఆరిపోతుంటే పాడైందని పారేయకండి. అదే పవర్ బ్యాంకుకు ఫోను కూడా తగిలించి చూడండి.

పురుగులు

ఈ పేరా గోదావరి డెల్టావాళ్లకు. వరిచేలు ఈనే రోజుల్లో కిటికీ తీసిన బోగీలో దీపం వెలిగిస్తే పచ్చదోమ తెర నిండా వాలుతుంది. తొలకరికైతే ఉసిళ్లు. పొలంలో రైతు దీపపు ఎర పెట్టేది ఈ దోమ గుణం తెలిసే. మనం ఆ ఎరను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాం. నీలి తెలుపు వెలుగుకు పురుగులు ఎక్కువగా వస్తాయి, పసుపు వెలుగుకు తక్కువ. పసుపు దీపం కొనమనడానికి ఇది నా రెండో కారణం. ఊళ్లో అరుగు మీద పని చేస్తుంటే దూరంగా పెరట్లో ఒక తెల్ల బల్బు వేసి ఉంచండి, చాలా పురుగులు అటు పోతాయి. రైల్లో మాత్రం కిటికీ దించడమే దారి.

వాడకూడని చోట్లు

రావులపాలెం నుంచి అమలాపురం వైపు బస్సులో కాలువ గట్ల మలుపుల మీద తెర చూస్తే వచ్చేది కడుపులో వికారం. దానికి దీపంతో సంబంధం లేదు, మూసేయండి. కారు ముందు సీటులో రాత్రిపూట అసలే వద్దు. వెలుగు ముందు అద్దంలో ప్రతిఫలించి నడిపేవారికి దారి కనిపించదు.

సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురానికి పంటు (మనుషుల్నీ బండ్లనూ రేవు దాటించే పెద్ద పడవ) మీద గోదావరి పాయ వశిష్ఠను దాటే కాసేపట్లో కూడా ల్యాప్‌టాప్ తెరిచేవారున్నారు. నీళ్ల మీది ఎండ ముందు ఏ దీపమూ ఆనదు. ఆ కాసేపు అవతలి గట్టున కొబ్బరి చెట్లను చూడండి. కంటి వైద్యులు చెప్పే 20-20-20 సూత్రం అదే: ప్రతి 20 నిమిషాలకూ 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడటం. రాత్రి రైల్లో గట్టు కనిపించదు కాబట్టి మూడు నాలుగు వరుసల అవతలి బెర్తును చూస్తూ, కావాలని నాలుగుసార్లు రెప్పలు వాల్చండి. ఏసీ బోగీలో గాలి మొహానికి నేరుగా తగలకుండా కూర్చోండి.

ఇవన్నీ చేశాక కూడా మసకగా కనిపిస్తున్నా, తలనొప్పి వదలకపోయినా అద్దాల పవరు మారిందేమో డాక్టరుకు చూపించుకోండి. నలభై దాటినవారు మరీనూ.

దిగేముందు

స్టేషను వస్తోందనగానే హడావిడిగా మూత వేసి ల్యాప్‌టాప్‌ను సంచిలో కుక్కుతాం. పక్కకు పొడుచుకుని ఉన్న దీపం జిప్పుకు తగులుకుని పోర్టునే వంచేస్తుంది. నా పాత ల్యాప్‌టాప్ కుడివైపు పోర్టు సికింద్రాబాదులో అలాగే పోయింది. ముందు దీపం ఊడదీసి చొక్కా జేబులో వేసుకోండి, తరువాత మూత వేయండి.