లక్షల ప్రకటనల్లో దగ్గరి పోలికలను వేగంగా వెతకడం ఎలా?

హైదరాబాద్‌లో అద్దె ఇళ్ల సైట్ నడుపుతున్నారనుకోండి. ఒకరు "మెట్రోకి దగ్గర్లో డబుల్ బెడ్‌రూమ్" అని వెతుకుతారు. ఓనరేమో "కేపీహెచ్‌బీ స్టేషన్‌కి నడిచి వెళ్లొచ్చు, 2 బీహెచ్‌కే" అని పెట్టి ఉంటారు. మాటలు కలవకపోయినా భావం ఒకటే. అందుకే ప్రతి ప్రకటననూ ఎంబెడింగ్ మోడల్‌తో (భావాన్ని అంకెల్లోకి మార్చే ఏఐ మోడల్) వెక్టర్‌గా, అంటే అంకెల వరుసగా మార్చి దాస్తారు. భావాలు దగ్గరైతే వెక్టర్లూ దగ్గరగా ఉంటాయి. పదివేల ప్రకటనలైతే అన్నిటితో పోల్చినా ఫర్వాలేదు, ఇండెక్స్ (అన్నీ తిరగేయకుండా దగ్గరివి వెతికిపెట్టే ఏర్పాటు) అక్కర్లేదు. అదే పది లక్షలైతే, 768 అంకెల వెక్టర్లే 3 జీబీ దాటతాయి. వెతికిన ప్రతిసారీ అదంతా తిరగేయాలి.

1. ముందుగా సరైన జవాబులు దాచుకోండి. జనం నిజంగా వెతికిన ఓ వంద మాటలు తీసుకుని, ఇండెక్స్ లేకుండా వచ్చిన మొదటి పది ఫలితాలను పక్కన పెట్టండి. చాలామంది ఈ పని వదిలేస్తారు. వదలొద్దు. ఇండెక్స్ ఇచ్చేది దాదాపు సరైన జవాబే, వేగం కోసం ఎంత పోగొట్టుకున్నామో చెప్పేది ఈ జాబితానే.

2. రకం ఎంచుకోండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వెక్టర్లు దాచి వెతికేందుకు వాడే పీజీవెక్టర్ అనే ఎక్స్‌టెన్షన్‌కి రెండు రకాల ఇండెక్స్‌లున్నాయి. ఐవీఎఫ్‌ఫ్లాట్ వెక్టర్లను గుంపులు చేసి, దగ్గరి గుంపుల్లోనే వెతుకుతుంది. త్వరగా తయారవుతుంది, కానీ డేటా నింపాకే కట్టాలి. హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ పొరలు పొరలుగా లింకులు కడుతుంది. ముందు ఔటర్ రింగ్ రోడ్డెక్కి, దగ్గరికొచ్చాక దిగి గల్లీల్లోకి వెళ్లినట్టు ఉంటుంది దీని వెతుకులాట. మెమరీ ఎక్కువ తింటుంది. అయినా రోజూ కొత్త ప్రకటనలు పడే సైట్‌కి నేనైతే దీన్నే పెడతాను.

3. కొసైన్ దూరానికి (రెండు వెక్టర్ల మధ్య కోణాన్ని బట్టి దూరం కొలిచే పద్ధతి) ఇండెక్స్ కడితే క్వెరీలోనూ కొసైనే వాడండి. క్వెరీలో ఆర్డర్ బై (దూరం ప్రకారం వరుస), లిమిట్ (ఎన్ని ఫలితాలు కావాలో) రెండూ ఉండాలి. క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ కమాండ్‌లో ఇంకా సీక్వెన్షియల్ స్కాన్ (అన్ని వరుసలనూ తిరగేయడం) కనిపిస్తుంటే, ఇండెక్స్‌ని ముట్టుకోలేదన్నమాట.

4. ఇప్పుడు అవే వంద మాటలు మళ్లీ వెతికి, పాత పదిలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. తక్కువొస్తే ఈఎఫ్ సెర్చ్ (హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ వెతికేటప్పుడు ఎన్ని దగ్గరి వాటిని చేతిలో ఉంచుకోవాలో చెప్పే సెట్టింగ్) పెంచండి. మామూలుగా 40 ఉంటుంది, 80 చేసి చూడండి. కొంచెం నెమ్మదిస్తుంది, ఫలితాలు మెరుగవుతాయి.

5. ఫిల్టర్ దగ్గర చాలా జాగ్రత్త. మియాపూర్ ప్రకటనలు వందకి పదే అనుకోండి. ఇండెక్స్ ముందు 40 తెస్తుంది, ఏరియా వడపోత ఆ తర్వాతే. చేతికొచ్చేవి సుమారు నాలుగు. మియాపూర్‌లో ఇంతకంటే ఇళ్లు లేవనుకుని, ఇల్లు దొరకాల్సిన మనిషి వెళ్లిపోతాడు. పీజీవెక్టర్ వెర్షన్ 0.8 నుంచి ఇటరేటివ్ స్కాన్ అనే సెట్టింగ్ ఉంది. దాన్ని ఆన్ చేస్తే సరిపడా ఫలితాలు దొరికేదాకా, పెట్టిన పరిమితి లోపల ఇంకా వెతుకుతుంది. ఏరియాలు కొన్నే అయితే ఒక్కోదానికి పార్టిషన్ (టేబుల్‌ని ముక్కలు చేసి విడిగా ఉంచడం) పెట్టడం ఇంకా మేలు. ఏది చేసినా, ఏరియా ఫిల్టర్ పెట్టి కూడా ఆ వంద మాటల పరీక్ష జరపండి, ఫిల్టర్ లేకుండా వచ్చిన మార్కులు ఇక్కడ చెల్లవు.