క్వీన్ మేరీ 2 ఓడలో గాలా విందుకు వెళ్లేవారికి

కునార్డ్ సంస్థ నడిపే క్వీన్ మేరీ 2 ఓడ సౌతాంప్టన్, న్యూయార్క్‌ల మధ్య అట్లాంటిక్‌ను సాధారణంగా 7 రాత్రుల్లో దాటుతుంది. దారిలో చూడడానికి సముద్రం తప్ప మరేమీ ఉండదు కనుక, రాత్రి భోజనమే ఆ రోజుకు ప్రధాన కార్యక్రమం. ఖరీదైన సూట్ గదులు తీసుకున్నవారికి ప్రిన్సెస్ గ్రిల్, క్వీన్స్ గ్రిల్ అనే వేరే భోజనశాలలున్నా, ఎక్కువ మంది భోంచేసేది రెండు అంతస్తుల బ్రిటానియా రెస్టారెంటులోనే.

బ్రిటానియాలో మన పెళ్లి భోజనాల మాదిరే రెండు బంతులుంటాయి. మొదటిది సాయంత్రం 6 గంటల ప్రాంతంలో, రెండోది 8.30 ప్రాంతంలో. పిల్లలు, పెద్దవయసువారు వెంట ఉంటే మొదటి బంతినే బుకింగ్ సమయంలో అడగడం మంచిది. ఇద్దరికే పరిమితమైన బల్లలు తక్కువ. ఆరుగురు, ఎనిమిది మంది కూర్చునే బల్లల దగ్గర అపరిచితులతో కలిసి భోంచేయవలసి రావచ్చు. అది నచ్చకపోతే మొదటి రాత్రే భోజనశాల అధికారిని కలిసి మార్చమని కోరాలి, ఆలస్యమైతే ఖాళీలు దొరకవు.

ఆహార నియమాలున్నవారు ఆ సంగతిని ఓడ ఎక్కడానికి వారాల ముందే సంస్థకు తెలియజేయాలి. శాకాహారమని మాత్రమే రాస్తే గుడ్డు, వెన్న, చీజ్ అన్నీ వస్తాయి. గుడ్డు తిననివారు, ఉల్లి వెల్లుల్లి మానినవారు ఆ మాట విడిగా రాయాలి. కూరగాయల సూప్‌లో కోడిమాంసపు రసం కలిసిందా, తీపి పదార్థంలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ ఉందా అని వడ్డించేవారిని మొహమాటం లేకుండా అడగాలి. అన్నిటికన్నా బాగా పనిచేసే పద్ధతి ఏమిటంటే, భోజనం ముగిశాక హెడ్ వెయిటర్‌తో మాట్లాడి, మరుసటి రోజు మెనూ చూసి, కావలసింది ముందురాత్రే చెప్పి ఉంచడం.

ఈ ప్రయాణంలో సాధారణంగా రెండు రాత్రులు గాలా సాయంత్రాలు, అంటే లాంఛనమైన దుస్తుల్లో విందుకు వెళ్లే రాత్రులు. ఆ రాత్రులు మగవారు డిన్నర్ జాకెట్ (టక్సీడో) గానీ, టై కట్టి ముదురు రంగు సూట్ గానీ ధరించాలి. అయితే సంస్థ నియమాలు జాతీయ సంప్రదాయ దుస్తులనూ అంగీకరిస్తాయి కనుక, బంద్‌గలా కోటు ఉన్నవారు ఒక్క సాయంత్రం కోసం టక్సీడో కొనడం వృథా ఖర్చేనని నా అభిప్రాయం. పట్టుచీరకు అక్కడ సాటి లేదు. కాకపోతే అగ్నిప్రమాద భయంతో గదుల్లో ఇస్త్రీ పెట్టె అనుమతించరు. చీర మడతలు పోగొట్టుకోవాలంటే ఓడలోని లాండ్రీ గదికే వెళ్లాలి, గాలా రోజు మధ్యాహ్నం అక్కడ వరుస పెరగకముందే వెళ్తే మేలు. ఈ హంగులేవీ వద్దనుకునేవారికి కింగ్స్ కోర్ట్ బఫే ఉంది.

బల్ల ముందు కూర్చోగానే నాప్‌కిన్ ఒడిలో పరచుకోవాలి. పళ్లేనికి అటూ ఇటూ పేర్చిన చెంచాలు, కత్తులు, ఫోర్కులు చూసి కంగారు పడనక్కరలేదు; వంటకాలు వచ్చే క్రమంలోనే వాటిని బయటి నుంచి లోపలికి అమర్చి ఉంచుతారు. ఎడమవైపు చిన్న పళ్లెంలోని రొట్టె మనది, కుడివైపు గ్లాసులు మనవి. రొట్టెను కత్తితో కోయకుండా చేత్తో చిన్న ముక్క తుంచి, ఆ ముక్కకే వెన్న రాసుకోవాలి. బల్ల దగ్గర అందరికీ వడ్డించేవరకు ఎవరూ మొదలుపెట్టరు. తినడం పూర్తయిందని చెప్పడానికి కత్తినీ ఫోర్కునూ పళ్లెంలో పక్కపక్కన పెట్టాలి. విడివిడిగా వదిలేస్తే ఇంకా తింటున్నారని భావించి వడ్డించేవారు ఎదురుచూస్తారు.

భోజనం ధర టికెట్టులోనే కలిసి ఉంటుంది, కనుక ప్రధాన వంటకం నచ్చకపోతే దాని బదులు రెండు స్టార్టర్లు అడిగినా తప్పుపట్టరు. వైన్‌కు మాత్రం విడిగా చెల్లించాలి. వద్దంటే మర్యాదగా గ్లాసు తీసేస్తారు. న్యూయార్క్ నుంచి తూర్పుకు వెళ్లేటప్పుడు ఓడ గడియారాన్ని ఐదు రోజులు ఒక్కో గంట ముందుకు తిప్పుతారు కాబట్టి, ఆకలి కాకముందే భోజనవేళ వచ్చిపడుతుంది. ఆ రోజుల్లో సాయంత్రం టీతో ఇచ్చే శాండ్‌విచ్‌లను, కేకులను కొంచెం తగ్గించుకోవాలి.