పాత డిజిటల్ కెమెరా పాఠాలు – 2: కార్డు, బ్యాటరీ, సెన్సర్ పరీక్షలు

గత పాఠంలో 3008 × 2000 పిక్సెళ్ల ఫైలును అంగుళానికి 250 చుక్కల లెక్కన ప్రింటు తీస్తే 12 × 8 అంగుళాల ఫొటో వస్తుందని చూశాం. ఫుల్ హెచ్‌డీ తెరకైతే 2 మెగాపిక్సెళ్లు చాలు. కాబట్టి మెగాపిక్సెళ్లు తక్కువనే కారణంతో పాత కెమెరాను పక్కన పెట్టనక్కర్లేదు. మరి ఏ కారణంతో పెట్టాలి? దానికి పట్టే కార్డు దొరక్కపోతే, బ్యాటరీ దొరక్కపోతే, బొమ్మను పట్టే చిప్పు, అంటే సెన్సర్ చెడిపోతే. ఈ మూడింటినీ అరగంటలో తేల్చుకోవచ్చు. మీ దగ్గరున్న కెమెరాకైనా, సెకండ్ హ్యాండ్‌లో కొనబోయేదానికైనా పద్ధతి ఒకటే.

ముందు కార్డు సంగతి. ఎస్‌డీ కార్డుల్లో 2 జీబీ దాకా ఉన్నవి మామూలు ఎస్‌డీ. 4 నుంచి 32 జీబీ వరకు ఎస్‌డీహెచ్‌సీ. ఆపైవి ఎస్‌డీఎక్స్‌సీ. మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, స్లాటులో ఒకేలా దిగుతాయి. చిక్కంతా అక్కడే. 2005 నాటి నికాన్ డీ50లో 32 జీబీ కార్డు పెడితే కార్డు ఎర్రర్ వస్తుంది. కెమెరా చెడిపోయిందనుకుని చాలామంది తక్కువకే అమ్మేస్తుంటారు. దానికి 2 జీబీ కార్డే కావాలి. ఒక్కో రా ఫైలు (సెన్సర్ పట్టిన ముడి సమాచారాన్ని దాచే ఫైలు) సుమారు 5 ఎంబీ కనుక ఒక పూట ఫొటోలకు ఢోకా ఉండదు. 2006లో వచ్చిన డీ40 అయితే ఎస్‌డీహెచ్‌సీ తీసుకుంటుంది. ఏ కార్డు పెట్టినా కంప్యూటర్‌లో కాదు, కెమెరా మెనూలోనే ఫార్మాట్ చేయండి.

కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు వాడే కెమెరా అయితే స్లాటులోకి ఫోన్ టార్చి వేసి చూడండి. లోపల రెండు వరుసల్లో సన్నటి పిన్నులు ఉంటాయి. కార్డు వంకరగా తోసినప్పుడు వాటిలో ఒక్కటి వంగినా కెమెరా కార్డును గుర్తించదు. ఆ రిపేరుకు కెమెరా ధరకన్నా ఎక్కువే కావచ్చు. ఎక్స్‌డీ కార్డు వాడే పాత ఒలింపస్, ఫ్యూజీ కెమెరాలైతే కార్డుతో సహా దొరికితేనే కొనండి.

బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేసి, ఫ్లాష్ వేసి వరుసగా ఇరవై ఫొటోలు తీయండి. తెరమీద నిండుగా చూపించి, షట్టర్ నొక్కగానే కెమెరా ఆగిపోతే బ్యాటరీ సెల్లుల్లో అంతర్గత నిరోధం పెరిగిందని అర్థం. ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజి బాగానే ఉంటుంది, మోటార్లు ఒక్కసారిగా కరెంటు లాగగానే పడిపోతుంది. లిథియం అయాన్ బ్యాటరీ వాడకుండా బీరువాలో పెట్టినా ముసలిదవుతుంది, అందుకే ‘అసలు వాడనే లేదు’ అనే మాటకు విలువ ఇవ్వకండి. ఉబ్బి ఇరుక్కున్న బ్యాటరీని స్క్రూడ్రైవరుతో పెకలించొద్దు, గుచ్చుకుంటే మంటలు రావచ్చు.

ఇక్కడ డీ50, డీ40ల మధ్య ఒక తమాషా ఉంది. కార్డు విషయంలో ఓడిపోయిన డీ50కి ఈఎన్-ఈఎల్3ఈ బ్యాటరీ సరిపోతుంది. డీ90, డీ300, డీ700లకూ అదే బ్యాటరీ కనుక బయటి కంపెనీలవి తేలిగ్గా దొరుకుతాయి. పైగా డీ50 బాడీలో ఫోకస్ మోటారు ఉంది, చవకగా దొరికే 50 మి.మీ. ఎఫ్1.8డీ లెన్సు ఆటోఫోకస్‌తో పనిచేస్తుంది. డీ40లో ఆ మోటారు లేదు, అదే లెన్సును చేత్తో ఫోకస్ చేసుకోవాలి. కొత్త మోడలే మేలన్న లెక్క పాత కెమెరాల దగ్గర కుదరదు. మీ దగ్గరున్న లెన్సులను బట్టి ఎంచుకోండి.

ఇక సెన్సర్. 2002–2004 మధ్య తయారైన అనేక చిన్న కెమెరాల్లో సోనీ తయారుచేసిన సీసీడీలు (ఒక రకం సెన్సర్లు) ఉండేవి. వేడి, తేమ ఉన్నచోట వాటి లోపలి సన్నటి వైరు అతుకులు ఊడిపోతున్నాయని 2005లో బయటపడింది. కానన్, నికాన్, ఫ్యూజీ లాంటి కంపెనీలన్నీ ప్రకటనలు ఇవ్వాల్సివచ్చింది. విశాఖ, కాకినాడ వైపు ఏళ్ల తరబడి ఉన్న ఆ కాలపు కెమెరా అయితే మరింత జాగ్రత్తగా చూడాలి. ఊదారంగు గీతలు, వంకర్లు తిరిగిన బొమ్మ, లేదా పూర్తి నలుపు దీని లక్షణాలు. పాత ఫొటోలున్న కార్డు పెట్టి ప్లే చేయండి. అవి బాగా కనిపించి, కొత్తగా తీసినవే పాడైతే దోషం సెన్సర్ వైపు ఉంది. రెండూ పాడుగా కనిపిస్తే ముందు తెరను అనుమానించాలి. ‘డిజిక్యామ్’ మోజులో ఇప్పుడు ఈ చిన్న కెమెరాల ధరలు పెరిగాయి కనుక ఈ పరీక్ష చేయకుండా డబ్బు ఇవ్వొద్దు.

డీ50 లాంటి, లెన్సు మార్చుకోగల, లోపల అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్‌లో సెన్సర్ మీది దుమ్ము చూడాలంటే ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్22, ఐఎస్‌ఓ (వెలుతురుకు సున్నితత్వం) 200, ఫోకస్ మాన్యువల్‌లో బాగా తప్పించి, తెల్లగోడను +1 ఎక్స్‌పోజర్‌తో తీయండి. తీసేటప్పుడు కెమెరాను కొద్దిగా కదిలించండి, గోడ మీది మరకలు చెరిగిపోయి సెన్సర్ మీదివే మిగులుతాయి. ఫొటోలో పైన కనిపించే చుక్క సెన్సర్ మీద కింది అంచున ఉంటుంది. మెనూలో శుభ్రతకోసం అద్దం పైకెత్తే ఎంపిక పెట్టి, కెమెరాను బోర్లించి, రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. బ్యాటరీ నిండుగా ఉండాలి, మధ్యలో అయిపోతే అద్దం దిగిపోతుంది. నోటితో ఊదితే ఉమ్ము తుంపరలు పడతాయి, డబ్బాల్లో వచ్చే గాలి అయితే ద్రవం చిమ్ముతుంది.

షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నికాన్ ఫైలులోనే రాసి ఉంటుంది. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిస్తే ‘షట్టర్ కౌంట్’ వరుసలో కనిపిస్తుంది. అమ్మేవారు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ సమాచారం చెరిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపమనండి. డీ90 షట్టరును లక్షసార్లకు పరీక్షించామని కంపెనీ చెప్పింది. 40 వేలు కొట్టినదాన్ని చూసి బెదరక్కర్లేదు.

అభ్యాసం: సాయంత్రం ఇంట్లో లైటు కింద ఒకే వస్తువును ఐఎస్‌ఓ 200, 800, 1600లలో రా ఫైళ్లుగా తీసి ఉంచండి. స్టాండు మీద పెట్టి, ఎపర్చర్ మార్చకుండా తీయాలి. మూడో పాఠంలో ఆ ఫైళ్లలోని నాయిస్‌ను (ఇసుక జల్లినట్టు కనిపించే చుక్కలను) డార్క్‌టేబుల్ అనే ఫొటో ప్రోగ్రాంలో తగ్గిస్తాం.