బారువ తీరానికి వెళ్లేవారు తెలుసుకోవలసినవి

శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలో, మహేంద్రతనయ నది బంగాళాఖాతంలో కలిసే చోట ఉన్న బారువ ఒకప్పటి ఓడరేవు. ఓడల రాకపోకలు ఏనాడో ఆగిపోయాయి. లైట్‌హౌసు, కొబ్బరితోటలు, ఇసుక మీదికి లాగి పెట్టిన తెప్పలు ఉన్నాయి. ఆ తీరం మత్స్యకారులకు పనిచేసుకునే చోటు, సముద్ర తాబేళ్లకు గుడ్లు పెట్టే చోటు. ఆ రెండింటి వేళలను బట్టి ప్రయాణం పెట్టుకున్నవారికే బారువ నిజంగా కనిపిస్తుందని నా నమ్మకం.

హౌరా–చెన్నై రైలు మార్గంలో బారువ పేరుతోనే ఒక చిన్న స్టేషను ఉన్నా, దూరం నుంచి వచ్చేవారు సోంపేట స్టేషనులో దిగడం మేలు; ఆ స్టేషను ఉండేది సోంపేటలో కాదు, కంచిలిలో అన్న సంగతి ముందే తెలిసి ఉంటే ఆటో మాట్లాడుకునేటప్పుడు తికమక ఉండదు. మీ రైలు అక్కడ ఆగకపోతే పలాసలో దిగి బస్సు పట్టుకోవచ్చు. సొంత వాహనంలో వచ్చేవారు 16వ నంబరు జాతీయ రహదారి మీద కంచిలి వరకు వచ్చి సముద్రం వైపు తిరగాలి. రాత్రి బసకు పలాసలోనో సోంపేటలోనో గది ముందుగా మాట్లాడి పెట్టుకోవాలి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అన్నివిధాలా అనుకూలంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఈ ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్నప్పుడు టికెట్టు డబ్బులు పోతాయని చూడకుండా ప్రయాణం మానుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం కాబట్టి మర పడవలు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకునే పనే ఎక్కువగా చూడగలరు.

వేట సాగే కాలంలో మాత్రం తెల్లవారేసరికి ఒడ్డుకు చేరుకోవాలి. శ్రీకాకుళం తీరంలో తెప్పలు చాలావరకు నేరుగా కెరటాల మీదుగానే ఇసుకకు రావాలి. వచ్చే తెప్ప కెరటాలు విరిగే చోటికి అవతలే కాసేపు ఆగుతుంది. ఒకదాని తరువాత ఒకటిగా పెద్ద కెరటాలు దాటిపోయాక, సందు చూసుకుని ఒక్క ఊపున ఒడ్డుకు దూసుకొస్తుంది. ఆ క్షణంలో తెప్పకూ ఇసుకకూ మధ్య ఎవరూ నిలబడకూడదు, ఫొటో కోసమైతే అసలే కూడదు. తెప్ప ఆగగానే మనుషులు చేయిచేయి కలిపి దాన్ని పైకి నెడతారు, ఆడవాళ్లు బేసిన్లతో చుట్టూ మూగుతారు, అక్కడికక్కడే చేపల వేలంపాట మొదలవుతుంది. పాట ముగిసేదాకా ధర అడగవద్దు. ముగిశాక, పాడుకున్న అక్కలనే అడిగి కొనుక్కోండి. కవ్వళ్లు, నెత్తళ్లు, కానాగడతలు, అదృష్టం బాగుంటే చందువా దొరుకుతాయి. వాళ్లు బేరం ఆడటానికి సిద్ధంగానే ఉంటారు గానీ, ప్రాణాలకు తెగించి తెచ్చిన చేప మీద పది రూపాయల కోసం పట్టుపట్టడం న్యాయం కాదు. ఎండబెట్టిన వలను తొక్కవద్దు, చెప్పులతో తెప్ప ఎక్కవద్దు, మనుషుల ఫొటో తీసేముందు అడగండి.

స్నానం విషయంలో ఎంత జాగ్రత్త చెప్పినా తక్కువే. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీరు ప్రశాంతంగా కనిపించినా, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో అది మనిషిని లోపలికి లాగుతుంది. ఇసుక దిబ్బలు చోటు మారుతూ ఉంటాయి కనుక నిన్న మోకాలి లోతు ఉన్న చోట ఇవాళ మునక లోతు ఉండవచ్చు. ఏ చోట దిగవచ్చో తెప్పల దగ్గరున్న పెద్దవాళ్లను అడిగి, నడుము లోతు దాటకుండా ఉండాలి. ఒకవేళ నీరు లాగితే ఒడ్డుకు ఎదురీదకుండా, తీరం వెంట పక్కకు ఈదుతూ ఆ లాగుడు నుంచి బయటపడాలి.

చలికాలం చివరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఇసుకలో గుంట తీసి, ఒక్కొక్కటి వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన హేచరీలో పొదిగిస్తారు. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల వెలుతురున్న వైపే నడుస్తుంది. చీకట్లో సముద్రం మీది ఆకాశపు వెలుగే దానికి దారి చూపుతుంది కాబట్టి, మీ సెల్‌ఫోను లైటు, కారు దీపాలు దాన్ని ఊరివైపు మళ్లించి చంపగలవు. పిల్లలను వదిలే రోజు చూడాలనుకుంటే అటవీ శాఖ సిబ్బందిని ముందుగా అడిగి, వాళ్లు నిలబడమన్న చోటే నిలబడండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలుకు అత్యున్నత రక్షణ ఇచ్చింది. గుడ్లను కదిలించడం కూడా నేరమేనని పిల్లలకు చెప్పి తీసుకురండి. ఒడ్డున చచ్చిపడిన తాబేళ్లు కూడా కనిపిస్తాయి. వాటిలో చాలా వరకు ట్రాలర్ల (వల ఈడ్చుకుపోయే పెద్ద మర పడవల) వలల్లో చిక్కుకుని, పైకి వచ్చి గాలి పీల్చుకోలేక చనిపోయినవి.

తాగునీరు వెంట తెచ్చుకోవాలి. ఉద్దానంలో కారణం ఇప్పటికీ తేలని మూత్రపిండాల వ్యాధి వేలాది కుటుంబాలను కుంగదీసింది, మంచినీళ్లు ఇక్కడ తేలికగా తీసుకునే విషయం కాదు. ఆ కష్టం తెలిసినవాళ్లు కాబట్టే ఇక్కడివారు తమ నీటిని, నేలను కాపాడుకోవడానికి ఎంత దూరమైనా వెళ్లారు. సోంపేట దగ్గరి బీల చిత్తడి నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు కలిసి పోరాడినప్పుడు, 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో మనుషులు ప్రాణాలు కోల్పోయారు. వీలుంటే తిరుగు దారిలో ఆ బీల వైపు కూడా వెళ్లండి. ప్లాస్టిక్ సీసాలు, పొట్లాలు అన్నీ సంచిలో వేసుకుని మీతోనే తీసుకుపోవాలి.

చేపలు ఇంటికి పట్టుకెళ్లాలనుకుంటే థర్మకోల్ పెట్టె వెంట ఉంచుకోండి, కొన్న చోటే శుభ్రం చేయించి మంచు వేయించుకోండి. చిల్లర నోట్లు దగ్గరుంచుకోవాలి. తిరిగి వెళ్లే ఆటోను దిగేటప్పుడే మాట్లాడుకుని డ్రైవరు నంబరు తీసుకోండి. పొద్దుపోయాక అక్కడ ఆటో దొరుకుతుందన్న భరోసా లేదు.