ఆరుద్ర పురుగు ఫొటోకు బయల్దేరే ముందు

తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే వెళ్ళండి. ఎండెక్కితే ఈ ఎర్రటి మఖమల్ పురుగులు మట్టిలోకి దూరిపోతాయి. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో వస్తుంది గానీ, కార్తె కన్నా వాననే నమ్ముకోండి.

• పొలం ఎవరిదో వాళ్ళని అడిగి దిగండి. విత్తిన సాళ్ళు తొక్కొద్దు.

• బూట్లు వేసుకోండి, ఒక్కరే వెళ్ళకండి. గట్ల పొదల్లో రక్తపింజర ఉండొచ్చు, చెయ్యి పెట్టొద్దు. కాటు పడితే కట్టు కట్టడం, గాటు పెట్టడం వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

• గోనెసంచి పరిచి బోర్లా పడుకోవాలి. పరిచే ముందు ఆ చోటంతా వెతకండి, కింద ఇంకో పురుగు నలిగిపోతే ఫొటో దేనికి?

• కొత్తవాళ్ళందరికీ చిక్కు ఆ ఎరుపుతోనే. కెమెరా లెక్క తప్పి, మఖమల్ నూగంతా ఒకటే ఎర్రముద్దగా వస్తుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుతురు) మైనస్ 0.7కి దించి, హిస్టోగ్రామ్‌లో (వెలుతురు లెక్క చూపే కెమెరా గ్రాఫ్) ఎరుపు గీత కుడి అంచుకు కొట్టుకోకుండా చూడండి. రా ఫైల్ (కెమెరా కుదించని అసలు ఫైల్) తీయండి. నేరుగా ఫ్లాష్ కొడితే నూగు మెరిసిపోతుంది, తెల్లకాగితం అడ్డం పెట్టండి.

• ఇంత దగ్గర్లో స్పష్టంగా వచ్చేది ఒకటి రెండు మిల్లీమీటర్లే. లెన్స్ రంధ్రం ఎఫ్ 11కి, షట్టర్ వేగం 1/250 సెకనుకు పెట్టి, ముందు కాళ్ళ మీద ఫోకస్ చేయండి. నడుస్తూనే ఉంటుంది, వరసగా ఇరవై తీస్తే రెండు నిలుస్తాయి.

• చేత్తో పట్టుకోవద్దు, అగ్గిపెట్టెలో వేసి ఇంటికి తేవద్దు. మందుల కోసం వీటిని ఏరుకుపోయేవాళ్ళున్నారు, అందుకే ఫొటో పెట్టినా చోటు పేరు రాయకండి.