ఇంటి కంప్యూటర్లో లినక్స్ – మూడో పాఠం: గట్టు ఎక్కడ వేయాలి

పోయిన పాఠంలో లినక్స్ మింట్ (విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఐఎస్ఓ ఫైలును, అంటే దాని ఇన్‌స్టాలేషన్ ఫైలును, పెన్‌డ్రైవులోకి ఎక్కించాం. ఈ పాఠమంతా హార్డ్‌డిస్కు గురించే. మొత్తం ఇన్‌స్టాలేషన్‌లో మీ ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు ఎగిరిపోయే ప్రమాదం ఉండేది ఈ ఒక్క చోటే. మిగతావి పొరపాటైతే మళ్లీ చేసుకోవచ్చు.

పెన్నా కింద మడి ఉన్నవాళ్లకు ఇది చెప్పడం తేలిక. చేలో సగం వేరు చేయాలంటే పైరు మధ్యలో గట్టు వేయరు, పైరు లేని పక్కన వేస్తారు. విండోస్ ఉన్న డిస్కులోనూ అంతే. సి డ్రైవు చివర ఖాళీగా ఉన్న భాగాన్ని కోసి బీడుగా వదిలేస్తాం. లినక్స్ ఆ బీట్లో దిగుతుంది.

విండోస్ అసలు అక్కర్లేదనుకుంటే ఈ గట్టు పని లేదు, డిస్కంతా లినక్స్‌కే ఇవ్వొచ్చు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి పాత కంప్యూటర్లకు ఆ దారి కూడా మంచిదే. కానీ ఇంట్లో ఎవరైనా విండోస్‌లో మాత్రమే నడిచే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ వాడుతుంటే మూడు నెలలు రెండూ ఉంచండి.

ముందు కాపీ. సి డ్రైవులోవి డి డ్రైవులోకి మారిస్తే అది కాపీ కాదు. చాలా ఇళ్లలో ఆ రెండూ ఒకే డిస్కు ముక్కలు. ఎక్స్‌టర్నల్ డిస్కులోకో, వేరే పెన్‌డ్రైవులోకో తీసుకుని, అక్కడి నుంచి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి.

తర్వాత కరెంటు. డిస్కు సైజు మారుతుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడయ్యే అవకాశం ఉంది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జింగ్ నింపి పెట్టుకోండి. డెస్క్‌టాప్‌కు ఇంటి ఇన్వర్టరే దిక్కయితే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అందులో పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటులోనే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోవచ్చు. కావలి, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లవాళ్లు వాయుగుండం కబురున్న రోజు ఈ పని పెట్టుకోకపోవడమే మేలు.

ఇప్పుడు విండోస్‌లో చేయాల్సినవి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అలాంటి డిస్కులో లినక్స్ ఏమీ రాయడానికి ఒప్పుకోదు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి, అది పూర్తయ్యేదాకా ఆగండి. ఉంచుకోవాలనుకుంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బయోస్ మోడ్ అన్నచోట యూఈఎఫ్ఐ అని ఉందో, లెగసీ అని ఉందో కూడా రాసుకోండి. ఇవి కంప్యూటర్ లేచే కొత్త, పాత పద్ధతులు. కాసేపట్లో అవసరమవుతుంది.

స్టార్ట్ బటన్ మీద రైట్‌క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్, అందులో సి డ్రైవు మీద రైట్‌క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్. అంకె ఎంబీల్లో అడుగుతుంది. 60 జీబీ కావాలంటే 61440 కొట్టాలి. మింట్‌కు కనీసం 20 జీబీ చాలంటారు గానీ, అప్‌డేట్లు పడేసరికి అది ఇరుకవుతుంది. కోయగా వచ్చిన ముక్క నల్ల పట్టీతో అనలొకేటెడ్ అని కనిపిస్తుంది. అక్కడే ఆపండి. దానికి పేరు పెట్టొద్దు, ఫార్మాట్ చేయొద్దు. డైనమిక్ డిస్కుగా మార్చమంటారా అని విండోస్ అడిగితే వద్దనండి.

డ్రైవులో 200 జీబీ ఖాళీ ఉన్నా 5 జీబీకి మించి కోయనివ్వడం లేదా? జరగని ఫైళ్లు మధ్యలో కూర్చున్నాయన్నమాట. హైబర్నేషన్, సిస్టమ్ ప్రొటెక్షన్, పేజింగ్ ఫైలు, ఈ మూడింటినీ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. కోత అయ్యాక చివరి రెండూ తిరిగి పెట్టుకోండి.

ఇక పెన్‌డ్రైవుతో బూట్ చేయండి. డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. మెనూలో పెన్‌డ్రైవు పేరు రెండుసార్లు కనిపించొచ్చు. ఇందాక యూఈఎఫ్ఐ అని రాసుకుని ఉంటే, ఆ మాట ముందున్న దాన్నే ఎంచుకోండి. విండోస్ ఒక పద్ధతిలో, లినక్స్ ఇంకో పద్ధతిలో పడితే కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు రెండింటినీ ఒకే మెనూలో చూపించడం కుదరదు.

డెస్క్‌టాప్ వచ్చాక ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కి ముందుకెళ్తే అసలు తెర వస్తుంది. ఎరేజ్ డిస్క్ అన్నది తాకకండి, అది చేనంతా దున్నేస్తుంది. చివర్లో ఉన్న సమ్‌థింగ్ ఎల్స్ ఎంచుకోండి. పట్టికలో ఫ్రీ స్పేస్ అనే వరుస వెతకండి. ఒకటి, రెండు ఎంబీల చిన్న ఫ్రీ స్పేసులు కనిపిస్తే వదిలేయండి. మీ 61440 ఇక్కడ 64424 దరిదాపుల్లో కనిపిస్తుంది. కంగారొద్దు: విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, ఇది 1000 చొప్పున. ఆ వరుస మీద ప్లస్ నొక్కి, ఈఎక్స్‌టీ4 (లినక్స్ వాడే ఫార్మాట్) ఎంచి, మౌంట్ పాయింటు దగ్గర / గుర్తు పెట్టండి, లినక్స్ మొత్తం ఆ ముక్కలోనే దిగాలని దానర్థం. స్వాప్‌కు (మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్కు జాగాకు) వేరే ముక్క అక్కర్లేదు, ఇన్‌స్టాలర్ ఫైలుగా చేసుకుంటుంది. కంప్యూటర్‌ను లేపే ఫైళ్లుండే ఈఎఫ్ఐ అనే చిన్న ముక్క విండోస్, లినక్స్ రెండింటికీ ఉమ్మడి, దాని ఫార్మాట్ టిక్కు పెట్టకండి.

అసలు డిస్కే కనిపించకపోతే ఇంటెల్ ల్యాప్‌టాపుల్లో సాధారణంగా కారణం ఆర్ఎస్‌టీ, అంటే డిస్కును నడిపే ఇంటెల్ సొంత పద్ధతి. బయోస్‌లో (విండోస్ లేవకముందు తెరుచుకునే కంప్యూటర్ సెట్టింగుల్లో) దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చాలి, కానీ ఉన్నట్టుండి మారిస్తే విండోస్ లేవదు. ముందు విండోస్ సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సేఫ్ బూట్ టిక్కు పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌లోకి వెళ్లి మార్చి, విండోస్ ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక టిక్కు తీసేయండి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, ఖాతా పాస్‌వర్డు గుర్తుండాలి.

ఇన్‌స్టాల్ నౌ నొక్కగానే ఏవేవి ఫార్మాట్ అవుతాయో జాబితా చూపిస్తుంది. అందులో ఈఎక్స్‌టీ4 ఒక్కటే ఉండాలి. ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ వాడే ఫార్మాట్) అనే మాట కనిపిస్తే గో బ్యాక్ నొక్కండి. సమయం అడిగినప్పుడు కోల్‌కతా ఎంచుకోండి, మన దేశమంతటికీ అదే.

రీస్టార్ట్ చేశాక మెనూ రాకుండా నేరుగా విండోస్ లేస్తే బయోస్ బూట్ వరుసలో ఉబుంటు అనే పేరును పైకి జరపండి. మింట్ అక్కడ ఆ పేరుతోనే ఉంటుంది. విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక్కి పోయినా అది చెడినట్టు కాదు. దాన్ని సరిచేయడం, వైఫై, తెలుగు టైపింగ్, ప్రింటరు వచ్చే పాఠంలో. ఈలోగా మీ ప్రింటరు మోడల్ నంబరు చూసి రాసిపెట్టుకోండి.